పంది కిడ్నీ ఒక ఎత్తు, దాన్ని నిలబెట్టే మందులు ఒక ఎత్తు

టొవానా లూనీ అనే అమెరికా మహిళకు 2024 నవంబర్ 25న న్యూయార్క్‌లోని ఎన్‌వైయూ లాంగోన్ ఆసుపత్రిలో పంది కిడ్నీ పెట్టారు. అది 130 రోజులు పనిచేసింది. 2025 జనవరిలో బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో టిమ్ ఆండ్రూస్‌కి పెట్టినది 271 రోజులు పనిచేసింది. ఈ వార్తలు వచ్చినప్పుడల్లా చర్చంతా రికార్డుల మీదే. పాత లెక్క ఎంత, కొత్త లెక్క ఎంత, ఎవరు ఎవర్ని దాటారు. నాకు ఆ అంకె మీద ఆసక్తి ఎప్పుడో పోయింది. నేను వెతికేది ఇంకోటి: ఆ కిడ్నీ నిలవడానికి మనిషి ఒంట్లోకి ఏయే మందులు ఎక్కించారు, అవి ఎన్నాళ్లు వాడారు, ఎప్పుడు తగ్గించాల్సి వచ్చింది, తగ్గిస్తే ఏమైంది. జంతువుల అవయవాలను మన ఒళ్లు తిప్పికొట్టకుండా చేసే ఆవిష్కరణలను కొలవాల్సింది రోజులతో కాదు, మందులతో అన్నది నా వాదన.

ఈ పట్టుదలకు కారణం ఇంట్లోనే ఉంది. మా బావకు కిడ్నీ మార్పిడి జరిగింది. ఇచ్చింది మా అక్క. ఆపరేషన్ బాగా జరిగింది, కిడ్నీ కూడా బాగా పట్టింది. అసలు కాపరం ఆ తరవాత మొదలైంది. కొత్త కిడ్నీని ఒళ్లు తిప్పికొట్టకుండా రోగనిరోధక శక్తిని అణిచే మందులు: పొద్దున టాక్రోలిమస్, రాత్రి టాక్రోలిమస్, వాటితో పాటు మైకోఫెనొలేట్, స్టెరాయిడ్ మాత్ర, రక్తంలో మందు లెవెల్ ఎంతుందో చూసే పరీక్ష. కొన్నాళ్లకు టీబీ పట్టుకుంది. టీబీ వచ్చినవాళ్లందరికీ మామూలుగా ఇచ్చే రిఫాంపిసిన్‌ని బావకు ఇవ్వడానికి డాక్టర్లు తటపటాయించారు. ఆ మందు ఒంట్లోకి వెళ్తే లివర్ టాక్రోలిమస్‌ని మామూలు కంటే చాలా వేగంగా విరిచేస్తుంది. లెవెల్ పడిపోతే కిడ్నీ రిజెక్ట్ అవుతుంది. టీబీని తరిమితే కిడ్నీ పోతుందేమో, కిడ్నీని కాపాడుకుంటే టీబీ ముదురుతుందేమో. వేరే మందులతో, ఎక్కువ నెలలతో ఎలాగో గట్టెక్కాడు.

అది మనిషి కిడ్నీ. పంది కిడ్నీ సంగతి పేపర్లో చదివి బావే అడిగాడు: “ఏరా, అదేదో పెట్టించుకుంటే ఈ మాత్రల డబ్బా గోల తప్పుతుందా?”

“తప్పదు బావా. ఇంకో నాలుగు కలుస్తాయి.”

“మరెందుకురా ఆ సంబరం?” అన్నాడు.

నిజానికి సంబరపడాల్సింది చాలానే ఉంది. ఎందుకో తెలియాలంటే ఈ పని మొదట్లో ఎంత అసాధ్యంగా ఉండేదో చూడాలి. 1906లో ఫ్రాన్స్‌లోని లియాన్‌లో మాథ్యూ జబూలే అనే సర్జన్ ఒక రోగికి పంది కిడ్నీని, ఇంకో రోగికి మేక కిడ్నీని రక్తనాళాలకు కలిపి చూశాడు. రెండూ ఆగిపోయాయి. కుట్టుపనిలో లోపం లేదు. పంది అవయవంలోకి మనిషి రక్తం పారిన కొద్ది నిమిషాల్లోనే అది నల్లబడటం మొదలవుతుంది, గంటల్లో గడ్డకట్టిపోతుంది. మనిషి కిడ్నీని మనిషికి పెట్టినప్పుడు మామూలుగా జరిగే తిరస్కరణ ఇలా ఉండదు. దానికి రోజులు, వారాలు పడుతుంది, మందులకు లొంగుతుంది. ఇది ఏ మందూ అందుకోలేనంత వేగంగా జరిగిపోతుంది.

ఎందుకలా అన్నదానికి జవాబు దొరకడానికి ఎనభై ఏళ్లు పట్టింది. పంది కణాల మీద, ముఖ్యంగా రక్తనాళాల లోపలి పొర మీద, ఆల్ఫా-గాల్ అనే ఒక చక్కెర ఉంటుంది. పందికే కాదు, ఆవుకి, కుక్కకి, ఎలుకకి, చాలా పాలిచ్చే జంతువులకు ఉంటుంది. మనకు లేదు. సుమారు రెండు మూడు కోట్ల ఏళ్ల కిందట, ఆసియా ఆఫ్రికా కోతుల, వానరాల, మన ఉమ్మడి పూర్వీకుల్లో ఆ చక్కెరను తయారుచేసే జన్యువు చెడిపోయింది. అది మన ఒంటికి పరాయిదైపోయింది. పైగా మన పేగుల్లో ఉండే బాక్టీరియా మీద అలాంటి చక్కెరలే ఉంటాయి కాబట్టి, పుట్టిన కొన్ని నెలల నుంచే వాటి మీద యాంటీబాడీలు తయారవుతూ ఉంటాయి. 1980లలో ఉరి గలిలి అనే శాస్త్రవేత్త లెక్క తేల్చాడు: మన రక్తంలో తిరిగే ఐజీజీ అనే రకం యాంటీబాడీల్లో దాదాపు నూటికి ఒకటి ఈ ఒక్క చక్కెర మీద గురిపెట్టి ఉన్నదే. జీవితంలో పంది మాంసం ముట్టనివాడి ఒంట్లో కూడా అంత దండు ముందే సిద్ధంగా ఉంటుంది. పంది అవయవాన్ని మన ఒళ్లు తిప్పికొట్టేది ప్రధానంగా ఈ చక్కెర కోసమేనని 1990ల మొదట్లో డేవిడ్ కూపర్ తదితరులు చూపించారు.

అంతకు ముందే సర్జన్లు ఈ గొడవ తప్పించుకోవడానికి మనకు దగ్గరి చుట్టాలైన జంతువుల వైపు వెళ్లారు. 1963-64లో న్యూ ఆర్లీన్స్‌లో కీత్ రీమ్‌ట్స్‌మా చింపాంజీ కిడ్నీలను పదిమందికి పైగా రోగులకు పెట్టాడు. వాళ్లలో ఒక టీచరు తొమ్మిది నెలలు బతికింది. 1984లో కాలిఫోర్నియాలోని లోమా లిండాలో లెనార్డ్ బెయిలీ ఒక పసికందుకు బబూన్ అనే పెద్ద కోతి గుండె పెట్టాడు. బేబీ ఫే అని ప్రపంచమంతా పిలిచిన ఆ పాప మూడు వారాలు తిరగకుండానే పోయింది. చింపాంజీలు అరుదు, నెమ్మదిగా ఎదుగుతాయి, వాటి జబ్బులు మనకు తేలిగ్గా అంటుతాయి, వాటి కళ్లలోకి చూసి కోయడానికి మనసొప్పదు. పంది అలా కాదు. ఈతకు డజను దాకా పెడుతుంది, ఆరునెలల్లో మనిషంత బరువెక్కుతుంది, దాని గుండె, కిడ్నీ సైజు మనకు సరిపోతాయి. కోళ్లూ మేకలూ తినే లోకం పంది హక్కుల మాట ఎత్తితే నాకు కొంచెం అనుమానమే గానీ, ఆ చర్చ ఇంకోసారి.

ఈ కథలో మన దేశానికి ఒక అధ్యాయం ఉంది. దాన్ని చాలామంది గర్వంగా చెప్పుకుంటారు, నాకైతే అలా చెప్పుకోవాలనిపించదు. 1997 జనవరి 1న గువాహటి దగ్గర సోనాపూర్‌లో డాక్టర్ ధనీరామ్ బారువా 32 ఏళ్ల రోగికి పంది గుండె, ఊపిరితిత్తులు అమర్చారు. రోగి ఏడు రోజులు బతికాడు. అవయవ మార్పిడి చట్టం కింద డాక్టరును అరెస్టు చేశారు, 40 రోజులు జైల్లో ఉన్నారు. 2022లో అమెరికాలో డేవిడ్ బెనెట్‌కి పంది గుండె పెట్టగానే, ‘మనవాడు పాతికేళ్ల కిందటే చేశాడు, జైల్లో పెట్టాం’ అన్న పోస్టులు నా ఫోన్‌కి కూడా వచ్చాయి. తిరస్కరణను ఆపే రసాయన ద్రావణం ఒకటి తానే కనిపెట్టానని, దానితో అవయవాలను ముందే శుద్ధి చేశానని బారువా చెప్పారు. కావచ్చు. కానీ ఆ ద్రావణంలో ఏముంది, జంతువుల్లో ఎన్నిసార్లు పరీక్షించారు, ఫలితాలేంటి అన్నవి ఇతరులు పరీక్షించి చూసేలా బయటపెట్టలేదు. పంది కణం ఆల్ఫా-గాల్‌ని తయారుచేస్తూనే ఉంటుంది, ఈరోజు కడిగితే రేపు మళ్లీ పైకి వస్తుంది. ఆ సంగతి అప్పటికి ఐదారేళ్ల ముందే అచ్చయి ఉంది. ముందుగా కత్తి పట్టినంత మాత్రాన ముందుగా కనిపెట్టినట్టు కాదు. రోగి వైపు నుంచి చూస్తే బారువా కథ నాకు కోపం తెప్పిస్తుంది.

సరైన దారి పట్టినవాళ్లు ఆపరేషన్ థియేటర్లో లేరు, పశువుల కొట్టంలో ఉన్నారు. అప్పటిదాకా అందరి ఆలోచనా ఒకటే: రోగి ఒంటిని లొంగదీయాలి. రేడియేషన్ ఇచ్చారు, స్టెరాయిడ్లు ఇచ్చారు, రక్తం నుంచి యాంటీబాడీలను వడగట్టారు. ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్‌లో ఇమ్యుట్రాన్ అనే చిన్న కంపెనీలో డేవిడ్ వైట్ బృందం దీన్ని తిరగేసింది. తీసుకునేవాడిని ఎందుకు మార్చాలి, ఇచ్చేదాన్ని మార్చలేమా? మన రక్తంలో కాంప్లిమెంట్ అనే ప్రోటీన్ల సమూహం ఉంటుంది. యాంటీబాడీ ఎక్కడ అంటుకుంటే అక్కడ ఆ కణానికి చిల్లు పెట్టడం దాని పని. మన సొంత కణాల మీద దాన్ని ఆపే కాపలా ప్రోటీన్లు ఉంటాయి. పంది కణాల మీదా ఉంటాయి గానీ మనిషి కాంప్లిమెంట్ మీద వాటి పట్టు అంతంతమాత్రమే. అందుకని సీడీ55 అనే మనిషి కాపలా ప్రోటీన్ జన్యువును పంది పిండంలో చొప్పించారు. అలా 1992 డిసెంబర్‌లో పుట్టిన పందిపిల్ల పేరు ఆస్ట్రిడ్. ఈ మొత్తం చరిత్రలో ఒక్క ఆవిష్కరణను ఎంచమంటే నేను దీన్నే ఎంచుతాను. ఆస్ట్రిడ్ వంశం అవయవం ఏ మనిషినీ బతికించలేదు. అయినా ఆలోచన మలుపు తిరిగింది అక్కడే.

కొత్త జన్యువు చేర్చడం వచ్చింది గానీ, ఉన్న చక్కెరను తీసేయడం అప్పటికి రాలేదు. పంది కణంలో ఒక జన్యువును చెడగొట్టి ఆ కణం నుంచి పూర్తి పందిని పుట్టించాలంటే క్లోనింగ్ కావాలి. 1996లో స్కాట్లండ్‌లో డాలీ గొర్రె పుట్టాక ఆ తలుపు తెరుచుకుంది. డాలీ వెనక ఉన్న పీపీఎల్ థెరప్యూటిక్స్ కంపెనీయే పందుల మీదకు తిరిగింది. 2002లో ఆల్ఫా-గాల్ జన్యువు ఒక ప్రతి చెడిన పందుల గురించి, 2003లో రెండు ప్రతులూ చెడిన పందుల గురించి పరిశోధనా పత్రాలు వచ్చాయి. ఆ కంపెనీ అమెరికా శాఖే తరవాత వర్జీనియాలోని బ్లాక్స్‌బర్గ్‌లో రెవివికార్ అయింది. ఇప్పుడది యునైటెడ్ థెరప్యూటిక్స్ చేతిలో ఉంది. 2020 డిసెంబర్‌లో ఆ ఒక్క చక్కెర లేని పందిని అమెరికాలో మందులకు, ఆహారానికి అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ వైద్యానికీ, తినడానికీ కూడా ఆమోదించింది. తినడానికెందుకంటే, అక్కడ ఒకరకం పిడుదు కుట్టినవాళ్లకు ఇదే చక్కెర మీద అలర్జీ వచ్చి గొడ్డుమాంసం, పందిమాంసం తింటే ఒళ్లంతా దద్దుర్లు వస్తాయి. చక్కెర లేని పంది వాళ్లకు పడుతుంది. ఒక ఆవిష్కరణ ఎన్ని వాకిళ్లు తడుతుందో చూడండి.

ఆల్ఫా-గాల్ పోయాక ఇంకో రెండు చక్కెరలు బయటపడ్డాయి. నిమిషాల్లో వచ్చే తిరస్కరణ ఆగింది గానీ, రోజుల్లో వచ్చేది మిగిలింది. దాంతో మూడు చక్కెరల జన్యువులూ తీసేశారు. తరవాత రక్తం గడ్డకట్టే సమస్య. మన రక్తనాళాల లోపలి పొర మీద త్రాంబోమాడ్యులిన్ అనే ప్రోటీన్ అనవసరంగా రక్తం గడ్డకట్టకుండా చూస్తుంది. పంది త్రాంబోమాడ్యులిన్‌కి మనిషి రక్తంతో ఆ పని సరిగ్గా చేతకాదు. యాంటీబాడీల గొడవ ఏమీ లేకపోయినా చిన్న చిన్న నాళాల్లో గడ్డలు కడతాయి. అందుకని మనిషి త్రాంబోమాడ్యులిన్ చేర్చారు, దానికి తోడుగా ఇంకోటి చేర్చారు. మాక్రోఫేజ్‌లనే కణాలు పరాయి కణాలను మింగేస్తాయి. సొంత కణాల మీద సీడీ47 అనే గుర్తు చూస్తే వదిలేస్తాయి. ఆ మనిషి గుర్తునూ పంది కణం మీద పెట్టారు. మామూలు పంది అవయవం కొత్త ఒంట్లో కూడా పందిలాగే పెరుగుతూ పోతుంది కాబట్టి రెవివికార్ వాళ్లు గ్రోత్ హార్మోన్ రిసెప్టర్‌ని తీసేశారు. మసాచుసెట్స్‌లోని ఈజెనిసిస్ కంపెనీ అసలే చిన్నగా ఉండే యూకటాన్ జాతి పందిని ఎంచుకుంది. రెవివికార్ పందిలో నాలుగు తీసేసినవి, ఆరు చేర్చినవి, మొత్తం పది మార్పులు.

ఈజెనిసిస్ పందిలో 69 మార్పులని చదివి చాలామంది నోరు వెళ్లబెట్టారు. 2024 మార్చిలో మసాచుసెట్స్ జనరల్‌లో రిచర్డ్ స్లేమన్ అనే 62 ఏళ్ల రోగికి పెట్టింది ఆ పంది కిడ్నీయే. కానీ ఆ 69లో 59 తిరస్కరణ కోసం కాదు. పంది జన్యువుల్లోనే తరతరాలుగా దాగి ఉండే రెట్రోవైరస్‌లు ప్రయోగశాలలో మనిషి కణాలకు అంటుతాయని 1997లో లండన్‌లో రాబిన్ వైస్ బృందం చూపించింది. ఆ వైరస్‌లను పనిచేయకుండా చేయడానికే ఆ 59. తిరస్కరణకు సంబంధించినవి మూడు తీసేసిన చక్కెరలు, ఏడు చేర్చిన మనిషి జన్యువులు. అంటే అక్కడా పదే. ఆ పదిలో ఏది నిజంగా పని చేస్తోంది, ఏది ఊరికే ఉంది అన్నది ఎవరూ గట్టిగా చెప్పలేరు. ఎన్‌వైయూలో రాబర్ట్ మాంట్‌గోమరీ 2023లో బ్రెయిన్ డెడ్ అయిన వ్యక్తి ఒంట్లో ఒక్క మార్పు మాత్రమే ఉన్న పంది కిడ్నీని రెండు నెలల పాటు నడిపించాడు. మాంట్‌గోమరీ గుండే వేరొకరిది, 2018లో ఆయనకే మార్పిడి జరిగింది. మందుల డబ్బాతో బతకడం ఏమిటో తెలిసిన సర్జన్. ఎన్ని జన్యువులు మారిస్తే అంత గొప్ప అనుకునేవాళ్ల కంటే ఈయన దారి నాకు నచ్చుతుంది.

ఇంతవరకూ చెప్పింది సగం. ఈ మార్పులన్నీ చేశాక మిగిలే తిరస్కరణను ఆపడానికి మళ్లీ రోగి ఒంటి మీదకే వస్తారు. అక్కడే నా పేచీ.

మనిషి కిడ్నీకి సరిపోయే టాక్రోలిమస్ లాంటివి పంది అవయవానికి ఒక్కటే చాలవు. కోతుల్లో, బబూన్లలో పంది అవయవాలు నెలలు, ఏళ్లు నిలిచిన ప్రయోగాలన్నిటి వెనకా ఒక ప్రత్యేకమైన మందుంది. రోగనిరోధక కణాలు ఒకదాన్నొకటి రెచ్చగొట్టుకోవడానికి వాడే సీడీ40, సీడీ154 అనే జంటను విడదీసే యాంటీబాడీ అది. పాకిస్తాన్‌లో పుట్టి కరాచీలో వైద్యం చదివిన మొహమ్మద్ మొహియుద్దీన్ ఆ మందుతోనే బబూన్ కడుపులో అదనంగా అమర్చిన పంది గుండెను 945 రోజులు కొట్టుకునేలా చేశాడు. 2022లో మేరీలాండ్‌లో బెనెట్ ఆపరేషన్ వెనక ఉన్నదీ ఆయనే. సీడీ154 మీద పనిచేసే మొదటి తరం మందును 1990ల చివర్లో మనుషుల్లో వాడితే రక్తం గడ్డలు కట్టి ఆపేయాల్సి వచ్చింది. యాంటీబాడీ తోకను మార్చి ఆ గండం తప్పించారు. ఆ కొత్త తరం మందు టెగోప్రూబార్ట్‌ని స్లేమన్‌కి ఇచ్చారు. దాంతో పాటు కాంప్లిమెంట్‌ని ఆపే రావులిజుమాబ్, టాక్రోలిమస్, మైకోఫెనొలేట్, స్టెరాయిడ్లు. ఇన్ని ఇచ్చినా ఎనిమిదో రోజున తిరస్కరణ మొదలైంది, ఇంకొన్ని మందులతో అణచారు. రెండు నెలలు తిరగకుండానే ఆయన గుండె ఆగిపోయింది. కిడ్నీ మాత్రం బాగుంది.

చుట్టం వస్తున్నాడని వాకిట్లో కుక్కను కట్టేస్తే ఆ రాత్రి దొంగొచ్చినా మొరగదు. బెనెట్ విషయంలో జరిగింది ఇదే. ఆయనకు పెట్టిన గుండెతో పాటు పందుల్లో ఉండే సైటోమెగలోవైరస్ ఒకటి దాక్కుని వచ్చింది. ముందు పరీక్షల్లో దొరకలేదు, అణగదొక్కిన ఒంట్లో పెరిగింది. ఇన్ఫెక్షన్‌కి విరుగుడుగా ఎంతోమంది దాతల రక్తం నుంచి తీసిన యాంటీబాడీలు ఎక్కించారు. మనందరి రక్తంలో పంది మీద యాంటీబాడీలు ఉంటాయి కదా, ఆ సీసాలో కూడా ఉంటాయి. గుండె దెబ్బతినడానికి అవి కూడా కారణమై ఉండొచ్చని ఆ వైద్య బృందమే తరవాత రాసింది. రోగాన్ని ఆపబోతే అవయవం పోయింది. ఇది చదివినప్పుడు నాకు బావ రిఫాంపిసిన్ గుర్తొచ్చింది.

టొవానా లూనీ కథ ఇంకా సూటిగా ఉంటుంది. 1999లో ఆమె తన ఒక కిడ్నీని తల్లికి ఇచ్చింది. తరవాత గర్భం సమయంలో బీపీ పెరిగి మిగిలిన కిడ్నీ చెడింది. ఏళ్ల తరబడి డయాలసిస్. ఆమె రక్తంలో పేరుకున్న యాంటీబాడీల వల్ల మనిషి కిడ్నీ ఏదీ సరిపడలేదు. పంది కిడ్నీ సరిపడింది. మూత్రం ఆపరేషన్ టేబుల్ మీదే వచ్చింది, నెలల తరబడి అంతా సవ్యంగా నడిచింది. ఇంతలో వేరే ఇన్ఫెక్షన్ ఒకటి వచ్చింది. దాన్ని తట్టుకోవడానికి రోగనిరోధక శక్తిని అణిచే మందుల మోతాదు తగ్గించారు. తగ్గించగానే కిడ్నీని ఒళ్లు తిరస్కరించింది. 2025 ఏప్రిల్ 4న తీసేశారు. పది జన్యువులు మార్చిన పంది కిడ్నీ అది. నిమిషాల తిరస్కరణను ఆ పది మార్పులు జయించాయి, సందేహం లేదు. కానీ ఆ కిడ్నీ నిలిచింది జన్యువుల మీద కాదు, మోతాదు మీద.

కాబట్టి నేను పందెం కాసే ఆవిష్కరణ వేరే ఉంది. దాని గురించి పేపర్లు పెద్దగా రాయవు. మన ఛాతీలో థైమస్ అనే చిన్న గ్రంథి ఉంటుంది. రోగనిరోధక వ్యవస్థలోని టీ కణాలు ‘ఏది మనది, ఏది పరాయిది’ అని చదువుకునే బడి అదే. అవయవంతో పాటు దాత థైమస్ కూడా కొంత ఇస్తే, కొత్తగా పుట్టే టీ కణాలు పందిని కూడా మనదిగానే నేర్చుకోవచ్చన్నది డేవిడ్ సాక్స్, మెగన్ సైక్స్, కజుహికో యమదా వంటివాళ్లు దశాబ్దాలుగా చేస్తున్న పని. పంది థైమస్ ముక్కను ముందే అదే పంది కిడ్నీ పొర కింద నాటి, అది అక్కడ పెరిగాక ఆ కిడ్నీని తీసి అమరుస్తారు. ఆల్ఫా-గాల్ తీసేసిన పందుల కిడ్నీలను థైమస్‌తో కలిపి బబూన్లకు పెడితే 83 దినాల వరకు నిలిచాయని 2005లోనే చూపించారు. అప్పటికి అది పెద్ద విషయం. ఎన్‌వైయూలో 2024 ఏప్రిల్‌లో లీసా పిసానోకు పెట్టిన ఒక్క మార్పు కిడ్నీ కూడా థైమస్‌తోనే వచ్చింది. ఆమెకు గుండె పంపు కూడా అమర్చి ఉంది. కిడ్నీకి చాలినంత రక్తం అందక 47 రోజులకు తీసేయాల్సి వచ్చింది, కాబట్టి ఆ ఒక్క కేసు నుంచి థైమస్ గురించి అటూ ఇటూ తేల్చలేం. ఈ దారి ఫలిస్తే మందులు తగ్గుతాయి. ఫలిస్తుందని రుజువు ఇంకా లేదు. అయినా నేను అటే.

మా అక్క సంగతి చెప్పకపోతే ఈ వాదన ఒంటికాలి మీద నిలబడ్డట్టే. మన దేశంలో కిడ్నీ మార్పిళ్లలో అత్యధికం బతికున్న దాతల నుంచే, ఆ దాతల్లో ఎక్కువమంది ఆడవాళ్లే. భార్యలు, తల్లులు. అక్క ఇష్టపడే ఇచ్చింది. అయినా ఆ రోజుల్లో చుట్టాలంతా ‘భార్య ఉంది కదా’ అన్న తీరు నాకిప్పటికీ గుచ్చుకుంటుంది. తల్లికి కిడ్నీ ఇచ్చి, చివరికి తనే డయాలసిస్ కుర్చీలో కూర్చున్న టొవానా లూనీ అమెరికాలో ఉంది గానీ ఆ కథ మనకు కొత్తేం కాదు. పంది కిడ్నీకి అనుకూలంగా ఇంతకంటే బలమైన మాట నా దగ్గర లేదు: ఏ ఇంటి ఆడమనిషి వైపూ చూడక్కర్లేని కిడ్నీ అది.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వైపు వెళ్తే అవసరం ఎంతుందో కళ్లకు కడుతుంది. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు. కొబ్బరి, జీడి తోటల మధ్య ఊరూరా కిడ్నీ రోగులు. కారణం ఇదీ అని ఇన్నేళ్లయినా తేలలేదు. 2023 డిసెంబర్‌లో పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధనా కేంద్రం మొదలయ్యాయి. డయాలసిస్ మునుపటికంటే దగ్గరైంది. ప్రభుత్వ అవయవదాన పథకం జీవన్‌దాన్‌లో పేరు రాయించుకుని బ్రెయిన్ డెడ్ దాత కోసం చూసేవాళ్లలో కిడ్నీ దక్కేది కొద్దిమందికే. ‘పందా, ఛీ’ అనేవాళ్లకు ఒక మాట: డయాలసిస్ చేసేటప్పుడు యంత్రంలో రక్తం గడ్డకట్టకుండా ఎక్కించే హెపారిన్ తయారయ్యేది పంది పేగుల నుంచే. మారుస్తున్న గుండె కవాటాల్లో పందివీ ఉన్నాయి. శుద్ధి చేసి జీవం తీసేసిన కణజాలం కాబట్టి ఒళ్లు పెద్దగా గొడవ చేయదు. ఇక వినాయకుడి తల ప్రస్తావన తెచ్చేవాళ్లు కూడా ఉంటారు. ఆ కథలో తల అతికించడం ఉంది గానీ, అతికించిన తరవాత ఒళ్లేమంటుందో అన్న బెంగ లేదు. ఇక్కడ ఉన్నదంతా ఆ బెంగే.

ధర మాట వస్తే, ‘మొదట్లో ఖరీదే, తరవాత మనవాళ్లు చవగ్గా చేస్తారు’ అంటారు. 1997లో హైదరాబాద్ శాంతా బయోటెక్నిక్స్ హెపటైటిస్-బి టీకాను అలాగే సామాన్యుడికి అందేలా చేసింది, నిజమే. టాక్రోలిమస్ కూడా మన కంపెనీలు తయారుచేసి అమెరికాకు అమ్ముతున్నాయి. కానీ రావులిజుమాబ్ జాతి మందులు ప్రపంచంలోనే అత్యంత ఖరీదైన వాటిలో ఉన్నాయి, టెగోప్రూబార్ట్ ఇంకా ప్రయోగాల దశలోనే ఉంది. పందిని పెంచే సూక్ష్మక్రిమిరహిత కొట్టం ఒకసారి కట్టే ఖర్చు. మందులు కిడ్నీ ఉన్నన్నాళ్లూ. పలాస నుంచి విశాఖపట్నం దాకా లెవెల్ పరీక్షకు బస్సెక్కే మనిషికి ఏది భారమో లెక్కకట్టడం కష్టం కాదు.

అమెరికాలో ఇప్పుడు కేసుల దశ దాటి ట్రయల్స్ మొదలయ్యాయి. యునైటెడ్ థెరప్యూటిక్స్‌కి 2025 ఫిబ్రవరిలో ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది. మొదట ఆరుగురు, బాగుంటే యాభై మంది దాకా. మన దేశంలో 2019 కొత్త మందుల, క్లినికల్ ట్రయల్స్ నిబంధనల్లో ‘కొత్త మందు’ నిర్వచనం కిందే జంతువుల నుంచి తీసిన మార్పిడి కణజాలాలను కూడా చేర్చారు. బారువా కాలంలో ఇలాంటి దారి స్పష్టంగా లేదు, ఇప్పుడుంది. అంటే ఏదో ఒక రోజు ఎవరో ఒకరు ఢిల్లీలో దరఖాస్తు పెడతారు. అమెరికా ఫలితాలు జతచేసి, ఎన్ని రోజులు నిలిచిందో ముందు పేజీలో వేస్తారు.

ఆ ఫలితాల్లో మనకు అసలు కావాల్సింది ఉండదు. అక్కడి రోగుల్లో టీబీ అరుదు. ప్రపంచంలో టీబీ రోగుల్లో దాదాపు నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నారు, ఊపిరితిత్తుల్లో నిద్రాణంగా మోస్తున్నవాళ్లు ఇంకెంతోమంది. సీడీ40 దారిని మూసేసిన ఒంట్లో ఆ నిద్రాణ టీబీ ఏం చేస్తుంది? రిఫాంపిసిన్ వాడాల్సి వస్తే, మామూలు కిడ్నీకే కష్టమైన టాక్రోలిమస్ లెవెల్‌ని పంది కిడ్నీకి ఎలా కాపాడతారు? టీబీ కోసం మోతాదు తగ్గిస్తే ఎన్నాళ్లు తట్టుకుంటుంది? ఇది కోతుల్లోనైనా పరీక్షించి చూపించమని దరఖాస్తుదారుడిని అడగాలి. నిద్రాణ టీబీ ఉన్నవాళ్లను ట్రయల్ నుంచి తప్పిస్తే కాగితం మీద ఫలితం బాగుంటుంది గానీ, ఉద్దానంలో ఆ కిడ్నీ పెట్టించుకోగలిగేవాళ్లు ఎంతమంది మిగులుతారో ముందే రాసివ్వమనాలి.